ఐదో అట్ట

సాయంత్రం ఐదున్నరకి గంట మోగగానే బైండింగు షెడ్డులో పనివాళ్లంతా గేటు దగ్గర వరుసలో నిలబడతారు. అక్కడో బల్ల, బల్ల వెనక గేటుమనిషి. ఒక్కొక్కళ్లూ సంచి తెరిచి చూపించాలి, అతను తొంగిచూసి తల ఊపాలి, వాళ్లు బయటపడాలి. ఎవరికైనా అరక్షణం పని. జిగురమ్మ వంతు వచ్చేసరికి మాత్రం వరుస ఆగిపోతుంది. ఆవిడ సంచి తెరిచి చూపించదు. రెండు చేతులా ఎత్తి, తలకిందులు చేసి, బల్ల మీద దబదబా కుమ్మరిస్తుంది. టిఫిను డబ్బా, చెంచా, ఒక కాలికి దారం చుట్టిన కళ్లజోడు, తలనొప్పి మాత్రలు, జిగురు మరకల చేతిగుడ్డ, అన్నీ బల్ల మీద దొర్లుతాయి. అంతటితో ఊరుకోదు, డబ్బా మూత కూడా ఊడదీసి పెడుతుంది.

"ఇదిగో నాయనా, బాగా చూడు. మూత కింద పుస్తకం ఏదైనా నక్కి ఉందేమో వేలు పెట్టి తడుము."

"రోజూ ఏంటి పిన్నీ ఈ గోల? నేనడిగానా?" అంటాడు గేటుమనిషి, వెనకున్న వరుస వైపు దీనంగా చూస్తూ.

"నువ్వడగలేదు. అడిగినాయన లోపల అద్దాలగదిలో ఉన్నాడు. ఆయనకి వినపడాలనే డబ్బా గట్టిగా కొడుతున్నా."

రెండేళ్లుగా, సెలవురోజులు తప్ప, ఒక్క సాయంత్రం కూడా ఈ పని మానలేదు. ఆవిడకి కావలసింది పెద్దదేం కాదు. ఒక్క మాట. ఏ గేటు దగ్గర, ఎంతమంది ముందు తనని దొంగ అన్నాడో, ఆ గేటు దగ్గరే, అంతమంది ముందూ యజమాని నోటి వెంట ఒక్క మాట రావాలి. అంతే. అది రాలేదు. రాలేదు కాబట్టి డబ్బా మోగుతూనే ఉంది.

జిగురమ్మకి తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు జిగురు కుంచె పట్టిన మనిషిని ఇంకేమని పిలుస్తారు? వేళ్ల చివర ఎప్పుడూ తెల్లటి పొర. గట్టిగా గీకితే వేలిముద్రలే ఊడొస్తాయేమో అన్నట్టు ఉంటుంది. చదువు రెండో తరగతి. ఇంట్లో చంటిపిల్లల్ని ఎత్తుకోవడానికి ఒక జత చేతులు కావలసొచ్చి మూడో తరగతికి పంపలేదు. పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుని చదువుతుంది. చిన్న అక్షరాలైతే కళ్లజోడు బాగాలేదంటుంది. మొగుడు లారీ టైర్లకి పంక్చర్లు వేసేవాడు. "ఇద్దరివీ జిగురు బతుకులేనే, అందుకే విడిపోం" అని నవ్వేవాడు. విడిపోయి తొమ్మిదేళ్లయింది, ఆయనే పోయాడు. ఇప్పుడు మూడో అంతస్తులో రెండు గదులు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట షిఫ్టులు చేసే కూతురు, నాలుగేళ్ల మనవరాలు.

ఆవిడ అంటించేవి చంటిపిల్లల పుస్తకాలు. నమిలినా చిరగని దళసరి అట్టల పుస్తకాలు. ఒక్కో బొమ్మ ఒక్కో అట్ట మీద అచ్చయి వస్తుంది. దాన్ని నడిమికి మడవాలి. ఒక అట్ట వీపుకి ఇంకో అట్ట వీపు అంటించాలి. బుడగ రాకుండా అరచేత్తో నిమరాలి, బరువు కింద పెట్టాలి. మర్నాటికి గట్టిపడితే మిషను మీద మూడువైపులా కోసి, పిల్లల కంట్లో గుచ్చుకోకుండా మూలలు గుండ్రంగా తీయాలి. ఆ కోసే మిషను నడిపేది మిషను వదిన. జిగురమ్మకి షెడ్డులో మనసు విప్పి మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

ఈ పుస్తకాలకి పేజీ అంకెలుండవు. పాలు తాగే పిల్లలకి అంకెలెందుకని వేయరు. అందుకని ఒక మాదిరి పుస్తకం తయారుచేసి, దారం కట్టి, బల్ల పైన మేకుకి వేలాడదీస్తారు. దాన్ని చూసుకుని అట్టల దొంతులు వరుసగా పేర్చుకోవాలి. మాదిరి లేకుండా కుంచె ముంచకూడదు. షెడ్డులో అడుగుపెట్టిన మొదటిరోజు నేర్పేది అదే.

పుస్తకాలన్నీ దయ గురించే. దయ, జాలి, ఓర్పు, పంచుకోవడం. ఏడేళ్లుగా ఆ షెడ్డులో వేరే సరుకు లేదు. జిగురమ్మకి అవంటే ఒళ్లుమంట.

"వదినా, నీకు తెలీకడుగుతా. నక్క గుడ్లు తినేస్తే పిట్ట ఊరుకోవాలి. గాడిద తన్నితే మేకపిల్ల ఊరుకోవాలి. ఎప్పుడు చూడు చిన్నదే ఓర్చుకుంటుంది. తన్నింది వచ్చి సారీ చెప్పిన పుస్తకం ఒక్కటి మన చేతుల మీదుగా వెళ్లిందా?"

"చంటిపిల్లల పుస్తకాలు వదినా. వాళ్లకి అంత లోతెందుకు?"

"చంటిపిల్లలకే కదా కావాలి! అలవాటయ్యేది అప్పుడే. తన్నులు తినేవాళ్లకి ఓర్పు నేర్పే పుస్తకాలు ఏడేళ్లు అంటించాను. తన్నేవాళ్లకి పుస్తకం రాయరేం? వాళ్లు చదవరనా?"

ఈ మంట ఊరికే పుట్టింది కాదు.

రెండేళ్ల కిందట ఒక కొత్త రచయిత్రి మొదటి పుస్తకం అచ్చయింది. గొంతు దూదిలా ఉంటుంది, నడిస్తే చప్పుడుండదు. పనివాళ్లు ఆమెకి మెత్తమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆమెకి ఇవ్వాలని ఇరవై పుస్తకాల కట్ట కట్టి పెట్టారు. తెల్లారేసరికి కట్ట లేదు. అంతకు ముందురోజే జిగురమ్మ యజమానిని అడిగి ఉంది, మూల నలిగిన పుస్తకం ఒకటుంటే మనవరాలికి ఇస్తారా అని. అడగడమే పాపమైపోయింది. సాయంత్రం గేటు దగ్గర, నలభైమంది చూస్తుండగా, ఆయన ఆవిడ సంచి లాక్కుని తనే వెతికాడు.

"మనవరాలికి కావాలంటే ఒకటి ఇచ్చేవాణ్ని కదమ్మా. ఇరవై ఎందుకు? అమ్ముకోడానికా?"

సంచిలో ఏముంటుంది, డబ్బా ఉంటుంది. "అయితే ఇంటికి చేర్చేసి ఉంటుంది" అన్నాడు. మర్నాటి నుంచి గేటు దగ్గర బల్ల వేశారు.

నాలుగోరోజు గేటుమనిషి యజమాని కారు కడుగుతూ డిక్కీ తెరిచాడు. గొడుగు కింద, కట్టిన కట్ట కట్టినట్టే ఉంది. తనే పెట్టుకుని తనే మర్చిపోయాడు మహానుభావుడు. గేటుమనిషి కట్ట పట్టుకుని షెడ్డులోకి వస్తే, "ఓ, అక్కడున్నాయా!" అని నవ్వాడు. జిగురమ్మ బల్ల దాటుతూ, ఆగకుండానే, "పెద్ద మనసు చేసుకోమ్మా, మనలో మనకేంటి" అనేసి గదిలోకి వెళ్లిపోయాడు. సంచుల బల్ల మాత్రం అలాగే ఉండిపోయింది. "అందరికీ మంచిదేగా" అన్నాడట.

అదే మనిషి నిక్కర్లు వేసుకునే రోజుల్లో, వాళ్ల నాన్న షెడ్డు నడిపేటప్పుడు, జిగురమ్మ బల్ల కింద కూర్చుని అట్టముక్కలతో ఇళ్లు కట్టేవాడు. అత్తా అత్తా అంటూ వెంటపడేవాడు. ఒకసారి జుట్టంతా జిగురు పూసుకుంటే, నాన్న చూస్తే చంపేస్తాడని ఏడిస్తే, ఆ పిడచ కత్తిరించి చెత్తబుట్ట అడుగున దాచింది ఈవిడే. ఆ తల మీద ఇప్పుడు జుట్టు పల్చబడింది, జ్ఞాపకం కూడా.

ఆ రోజు నుంచి జిగురమ్మ ఆయనతో మాట్లాడదు. మూరెడు దూరంలో నిలబడి ఉన్నా సరే, "వదినా, జిగురు డబ్బా అడుగంటిందని ఆయనతో చెప్పు" అంటుంది. మిషను వదిన ఆయన మొహంలోకి చూసి, "జిగురు డబ్బా అడుగంటిందట సార్" అంటుంది. ఆయన "తెప్పిస్తానని చెప్పు" అంటాడు. మొదట్లో షెడ్డంతా నవ్వుకునేవాళ్లు. తర్వాత నవ్వు పోయింది, అలవాటు మిగిలింది.

ఇంకో సంగతి. అంతకు ముందు రోజూ కోత దగ్గర పడిన రంగు కాగితాల పేళికలు గుప్పెడు ఇంటికి పట్టుకెళ్లేది. అవి ఎలాగూ చెత్తకే పోతాయి. ఆ రోజు నుంచి ఒక్క ముక్క ముట్టలేదు. మనవరాలు మందుల చీటీల వెనక బొమ్మలేసుకుంటోంది.

"అమ్మమ్మా, నువ్వు చేసేది పుస్తకాల పనే కదా?"

"అవునే."

"మరి నీకు ఒక్క కాగితం కూడా ఇవ్వరా? నువ్వు సరిగ్గా చెయ్యట్లేదా?"

జిగురమ్మ పొయ్యి వైపు తిరిగి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెలే తోమింది.

అలాంటి రోజుల్లో మెత్తమ్మ రెండో పుస్తకం వచ్చింది. ఆరు అట్టలు. ఒకటిలో కుందేలు ఆకులతో ఇల్లు కట్టుకుంటుంది. రెండులో ఎలుగుబంటి వచ్చి ఆ ఇంటి మీద చతికిలబడుతుంది. మూడులో కుందేలు ఏడుస్తుంది. ఆ తర్వాత రెండట్టలు, ఒకదాంట్లో కుందేలు బుట్టెడు పళ్లు తెచ్చి ఎలుగుకి పెడుతుంది, ఇంకోదాంట్లో ఎలుగు కన్నీళ్లతో తల వంచుకుని నిలబడుతుంది. ఆఖర్న ఇద్దరూ కలిసి ఇల్లు కడతారు.

దొంతులు బల్ల మీదికి వచ్చిన రోజు మేకుకి మాదిరి లేదు. ఉత్త దారం వేలాడుతోంది. ఎవరికో చూపించాలని యజమాని కోసుకుపోయి తన గదిలో పెట్టుకున్నాడు. ఎనిమిదడుగులు నడిచి అద్దాల తలుపు తట్టి అడిగితే ఇస్తాడు. అడగాలంటే మాట్లాడాలి. మిషను వదినతో చెప్పిద్దామంటే ఆవిడ ఆ మూడురోజులూ సెలవులో ఉంది. జిగురమ్మ దారం వైపు చూసింది, తలుపు వైపు చూసింది, అట్టల వైపు చూసింది.

"బోడి కథ. దీనికి మాదిరొకటా?" అనుకుంది.

మూడు దాకా సందేహం లేదు. నాలుగోది ఏది? ఎలుగు తల వంచిన అట్ట చేతిలోకి తీసుకుంది. ముందు తప్పు చేసినవాడు తల వంచాలి. ఆ తర్వాత కుందేలు పళ్లు పెట్టినా పరవాలేదు. లోకంలో ఇంకోరకంగా ఎలా ఉంటుంది? మనసులో అనుమానమైనా రాలేదు. ఐదో అట్ట నాలుగో చోట పెట్టి కుంచె ముంచింది. మూడురోజుల్లో ఎనిమిది వందల పుస్తకాలు. ఒక్కదాంట్లో బుడగ లేదు, ఒక్క మూల వంకర లేదు.

తర్వాతి వారం మెత్తమ్మ వచ్చింది. కోత దగ్గర నిలబడి ఒక పుస్తకం తీసి తిప్పింది. మళ్లీ మొదటినుంచి తిప్పింది. దూదిగొంతుతో, "ఇదేంటండీ..." అంది.

యజమాని పరుగున వచ్చాడు. మాదిరి తెచ్చి పక్కన పెట్టి చూశాడు. మొహం కందగడ్డ అయింది.

"ముందు కుందేలు క్షమించాలి కదండీ," అంటోంది మెత్తమ్మ. "ఆ మంచితనం చూసి ఎలుగుకి సిగ్గు రావాలి. కథంతా అదే కదా."

"ఈ బల్ల ఎవరిదో నాకు తెలుసు," అన్నాడు యజమాని, షెడ్డంతా వినేలా. మిషను ఆగిపోయింది. "కావాలనే చేసింది. ముప్పై ఏళ్ల పనిమంతురాలికి వరుస తెలీదా? నా మీద కక్ష పుస్తకాల మీద తీర్చుకుంది. ఏమమ్మా! ఇప్పుడే, అందరి ముందూ మేడంకి సారీ చెప్పు. చెప్తే సరేసరి, లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

జిగురమ్మ కుంచె నీళ్లలో పెట్టి, చేతులు తుడుచుకుంటూ లేచింది. ఇంకా నోరు తెరవలేదు, మెత్తమ్మ చెయ్యెత్తి వారించింది.

"పోనీండి, పాపం. ఆవిణ్ని ఏమీ అనకండి. మనమే పెద్ద మనసు చేసుకుందాం."

ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది. తిట్టినా ఇంత మండేది కాదు. ఏం జరిగిందని అడగలేదు, ఎందుకలా అయిందని అడగలేదు, క్షమించేసి చేతులు దులిపేసుకుంది!

"ఆగండమ్మా," అంది జిగురమ్మ. "క్షమించడానికి తొందరేం లేదు. ముందు నన్ను చెప్పనివ్వండి. మేకుకి మాదిరి లేదు. లేనప్పుడు అడగాలి. నేనడగలేదు, పొగరుకి పోయాను. నాకు తోచిన వరుసలో ఎనిమిది వందలు అంటించాను. కావాలని చేయలేదు, కానీ తప్పు నాదే. ఇంకెవరిదీ కాదు. సారీ అమ్మా."

అని మిషను వైపు తిరిగింది. "వదినా, ఎంతసేపు పట్టింది?"

"మిషను చల్లారేంత కూడా పట్టలేదు వదినా."

"చూశావా! ఇంత తేలికని నాకూ ఇవాళే తెలిసింది." అప్పుడు, రెండేళ్ల తర్వాత మొదటిసారి, యజమాని కళ్లలోకి చూసి మాట్లాడింది. "ఇప్పుడు మీ వంతు."

"నా వంతేంటి?"

"ఈ అమ్మగారివి ఇరవై పుస్తకాలు. నన్ను దొంగని చేసి నా సంచి కుమ్మరించారు. మీ కారు డిక్కీలో దొరికాయి. దాని సంగతి."

"ఆ పాతవన్నీ ఇప్పుడెందుకు..."

మెత్తమ్మ చేతిలో పుస్తకం మూసింది. "ఉండండి. ఆ ఇరవై మీ కారులో దొరికాయా? పనావిడెవరో మనవరాలి కోసం తీసుకుందని కదా నాతో చెప్పారు. పాపం ఏమీ అనొద్దని నేనే అన్నాను. మనసులో క్షమించేశాను కూడా. ఆ వారంలోనే ఈ కథ..."

అక్కడ ఆగిపోయింది. ఆగినా ప్రయోజనం లేకపోయింది, షెడ్డులో అందరికీ అర్థమైపోయింది. జిగురమ్మకి అర్థం కావడానికి మాత్రం ఒక నిమిషం పట్టింది. పుస్తకం మీది బొమ్మ చూసింది, మెత్తమ్మని చూసింది.

"అంటే ఈ ఎలుగుబంటిని నేనా?"

మిషను వెనక వదిన నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. గుడ్డలోంచి కూడా నవ్వు వినపడింది. జిగురమ్మ నవ్వలేదు.

"నేనెవరి ఇంటి మీదా కూర్చోలేదమ్మా. నా ఇంటి మీదే కూర్చున్నారు. రెండేళ్లయింది, ఇంకా లేవలేదు. ఆ పళ్లు కూడా నేనే మొయ్యాలా?"

మెత్తమ్మ మొహం చెవుల దాకా ఎర్రబడింది. "దొరికాయని నాకెవరూ చెప్పలేదు," అంది యజమానితో, ఈసారి గొంతులో దూది లేదు. జిగురమ్మ వైపు తిరిగి, "ఆవిడెవరో, నిజంగా తీసిందో లేదో నేనూ అడగలేదు. అడగాల్సింది. నాది కూడా తప్పే. సారీ అమ్మా," అంది. పుస్తకం సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఆమె దగ్గర్నుంచి ఫోనొచ్చింది, పుస్తకాలు పారేయొద్దు, ఆ వరుసలోనే పంపించండి, కథ అలాగే ఉండనివ్వండి అని. జిగురమ్మతో ఎవరో చెప్తే, "ఆవిడ పుస్తకం, ఆవిడిష్టం. నా తప్పు మాత్రం తప్పే" అంది.

యజమాని అద్దాలగదిలోంచి సాయంత్రం దాకా బయటికి రాలేదు. గేటు దగ్గర డబ్బా ఆ రోజు ఇంకా గట్టిగా మోగింది.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, జిగురు డబ్బాల అలమర పక్కన ఆయన వచ్చి నిలబడ్డాడు. అలమర తలుపు గోకుతూ, నేల చూస్తూ అన్నాడు.

"అత్తా... నిన్న... అంటే అప్పట్లో... నేను కాస్త తొందరపడ్డాను. సారీ. సరేనా?"

పాతికేళ్ల తర్వాత వినపడ్డ పిలుపు. గుండె ఒక్క క్షణం మెత్తబడబోయింది. మెత్తబడుతున్నందుకు దాని మీద కూడా కోపమొచ్చింది.

"గేటు దగ్గర నా సంచి లాక్కున్నప్పుడు ఈ అత్త ఎక్కడికి పోయింది బాబూ? నలభైమందిలో అన్న మాటకి అలమర మూల సారీ ఏంటి? ఈ డబ్బాలకి చెప్తున్నావా, నాకు చెప్తున్నావా?"

"ఇప్పుడందర్నీ పిలిచి చెప్పమంటావా? నా పరువేం కావాలి?"

"నా పరువేమైందో అదే అవుతుంది. ఏం, చచ్చిపోలేదుగా నేను? రోజూ పనికి వస్తూనే ఉన్నా. నువ్వూ వస్తావు. ఇష్టం లేకపోతే మాన్పించెయ్యి, వెళ్లిపోతా. మూలల్లో మాత్రం వినను."

ఆయన గిర్రున తిరిగి వెళ్లిపోయాడు. తలుపు వేసిన చప్పుడుకి అద్దం అదిరింది. ఆ రోజంతా జిగురమ్మ తలెత్తకుండా పనిచేసింది. మధ్యాహ్నం వదిన పక్కన కూర్చుని, "నిజంగా మాన్పించేస్తే వదినా?" అంది. "ఏమో. జిగురు ఆరిపోతోంది, జరుగు" అంది జిగురమ్మ. అంత గట్టిగా అన్న మనిషి, డబ్బాలో తిండి సగం అలాగే వదిలేసింది.

ఐదున్నరకి గంట మోగింది. వరుస కట్టారు. జిగురమ్మ సంచి ఎత్తబోతుంటే అద్దాలగది తలుపు తెరుచుకుంది. యజమాని వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకసారి జేబులో పెట్టాడు, ఒకసారి తీశాడు.

"అందరూ వినండి," అన్నాడు. "రెండేళ్ల కిందట ఇక్కడే ఈవిడ పుస్తకాలు తీసిందని అన్నాను. తీయలేదు. నా కారులోనే ఉన్నాయి. దొరికాక కూడా చెప్పలేదు. మేడంకి చెప్పిన అబద్ధం కూడా అలాగే ఉంచేశాను. తప్పు నాది. సారీ."

అందరూ జిగురమ్మ మొహం చూశారు, ఏడుస్తుందేమో, దీవిస్తుందేమోనని. ఆవిడ ఏడవలేదు, దీవించలేదు, పరవాలేదులే బాబూ అని కూడా అనలేదు. పరవా ఉంది కాబట్టి.

"విన్నాను," అంది.

వరుసలోంచి తప్పుకుని షెడ్డులోకి వెనక్కి నడిచింది. కోత మిషను కింద బుట్టలోంచి రంగు కాగితాల పేళికలు రెండు గుప్పిళ్లు తీసింది, నీలివి, పసుపువి, ఎలుగుబంటి మీంచి తెగిపడ్డ గోధుమరంగువి. అందరూ చూస్తుండగా సంచిలో కుక్కి, పైన డబ్బా పెట్టి, సంచి మూతి బిగించి చంకలో పెట్టుకుంది. గేటు దగ్గరికొచ్చి బల్ల ముందునుంచే నడిచింది. గేటుమనిషి సగం లేచాడు, యజమాని వైపు చూశాడు. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"ఏం పిన్నీ, ఇవాళ కుమ్మరించవా?"

"అంత అలవాటైపోతే రేపట్నుంచి నీ సంచి కుమ్మరించుకో," అంది జిగురమ్మ, ఆగకుండానే.

ఆవిడ వెనకే మిషను వదిన, సంచి భుజాన వేసుకుని, బల్ల వైపు చూడను కూడా చూడకుండా గేటు దాటింది. ఆవిడ వెనక ఇంకొకళ్లు.